12,34,56,789 లోపల ఏముంది? పెద్ద సంఖ్యను చేత్తో విప్పి చూసే పద్ధతి

ఒక పెద్ద సంఖ్య ఇచ్చి దీని గుణాలేంటో చెప్పమంటే మనలో చాలామంది 2తో భాగిస్తాం, తర్వాత 3తో, 5తో, 7తో, అలా ఓపిక ఉన్నంతవరకు భాగించుకుంటూ పోతాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. 12,34,56,789ను ఆ దారిలో 400 దాకా భాగించేసరికి పేజీలు నిండాయి, 9 తప్ప ఇంకేమీ దొరకలేదు, విసుగొచ్చి వదిలేశాను. పని చేసే వరుస మారిస్తే అదే సంఖ్య అరగంటలో పూర్తిగా విడిపోతుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. ఈ ఒక్క సంఖ్యనే మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని చేద్దాం, మీరు ఆ తర్వాత మీకిష్టమైన సంఖ్య తీసుకోండి.

కావలసినవి కాగితం, పెన్ను, మామూలు కాలిక్యులేటర్. 8 అంకెల కాలిక్యులేటర్ అయితే 12,34,56,789 అందులో పట్టదు, కానీ కాసేపట్లో దాన్ని చిన్నది చేస్తాం కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకా పెద్ద సంఖ్యలతో స్ప్రెడ్‌షీట్‌లో పనిచేసేవాళ్లు మాత్రం జాగ్రత్త, 15 అంకెలు దాటితే చివరి అంకెలు చెప్పకుండా సున్నాలైపోతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణ సంఖ్యలకు ఆ సమస్య లేదు.

ఒక అలవాటు మాత్రం మొదటి నుంచే చేసుకోండి. ఏ సంఖ్యతో భాగించినా వచ్చిన శేషాన్ని కాగితం పక్కన రాసిపెట్టండి. "7తో పోలేదు" అని రాయడం చాలదు, "7తో భాగిస్తే శేషం 1" అని రాయాలి. ఈ చిన్న పట్టిక చివర్లో ఎంత పనికొస్తుందో మీరే చూస్తారు.

1. భాగించకముందు అంకెలు చూడండి

తొమ్మిది అంకెలున్నాయి. 2²⁶ అంటే 6,71,08,864, 2²⁷ అంటే 13,42,17,728, మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది కాబట్టి బైనరీలో 27 అంకెలు పడుతుంది. చివరి అంకె 9, అంటే బేసి సంఖ్య, 2తో పోదు, 5తో పోదు. చివరి మూడంకెలు 789ని 8తో భాగిస్తే శేషం 5 వస్తుంది, మొత్తం సంఖ్యను 8తో భాగించినా అదే శేషం, ఎందుకంటే 1000ని 8 శేషం లేకుండా భాగిస్తుంది. ఈ 5ని పట్టికలో రాసుకోండి.

అంకెల మొత్తం 1 + 2 + ... + 9 = 45. 10, 100, 1000 వీటిలో దేన్ని 9తో భాగించినా శేషం 1 వస్తుంది, అందుకే ఒక సంఖ్యకూ దాని అంకెల మొత్తానికీ 9తో భాగిస్తే ఒకే శేషం ఉంటుంది. 45ని 9 భాగిస్తుంది కాబట్టి మన సంఖ్యనూ భాగిస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి, ఈ తొమ్మిది అంకెలను ఏ వరుసలో పేర్చినా మొత్తం 45 దగ్గరే ఉంటుంది. అలా పేర్చగలిగే 3,62,880 సంఖ్యల్లో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదన్నమాట, ఒక్క భాగహారమైనా చేయకుండానే అన్నింటి గురించీ ఒకేసారి తేలిపోయింది. నాకు ఇది ఇప్పటికీ అపురూపంగానే అనిపిస్తుంది.

9తో భాగిస్తే 1,37,17,421 వచ్చింది. దీని అంకెల మొత్తం 26, అంటే ఇక 3తో పోదు. కాబట్టి మన సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లు ఉంది.

2. 7, 11, 13 మూడింటినీ ఒకేసారి చూసేయండి

7 × 11 × 13 = 1001. ఈ ఒక్క గుణకారం గుర్తుంటే చాలా శ్రమ తగ్గుతుంది. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ వెళ్లాలి.

789 − 456 + 123 = 456

ఇప్పుడు తొమ్మిదంకెల సంఖ్య బదులు 456తో పని. 7తో భాగిస్తే శేషం 1, 11తో శేషం 5, 13తో శేషం 1. మూడింటిలో ఏదీ పోలేదు, మూడు శేషాలూ పట్టికలోకి వెళ్లాయి.

37కి కూడా ఇలాంటి సులువే ఉంది, 27 × 37 = 999 కాబట్టి మూడేసి అంకెల ముక్కలను కలిపితే చాలు. 123 + 456 + 789 = 1368, మళ్లీ 1 + 368 = 369, దాన్ని 37తో భాగిస్తే శేషం 36. పోలేదు. 17కి మాత్రం మామూలుగానే భాగించాను, శేషం 1.

ఇక్కడ ఆగిపోండి. 19, 23, 29 అంటూ ముందుకు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లొద్దు, నేను పేజీలకు పేజీలు పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

3. వర్గమా, త్రిభుజ సంఖ్యా?

ఇది రెండు నిమిషాల పని. వర్గ సంఖ్యల చివరి రెండంకెలకు ఒక పద్ధతి ఉంటుంది. వర్గం ఎప్పుడూ 2, 3, 7, 8లతో ముగియదు. 1, 4, 9లతో ముగిస్తే దాని ముందు అంకె సరి సంఖ్య అయి ఉండాలి. 6తో ముగిస్తే ముందు అంకె బేసి కావాలి. 5తో ముగిస్తే చివర 25, సున్నాతో ముగిస్తే చివర 00 ఉండాలి. 00 నుంచి 99 దాకా ఉన్న వంద ముగింపుల్లో 22 మాత్రమే వర్గాలకు సాధ్యం. ఈ పేరా నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకోండి, తర్వాతి మెట్టులో దీని మీదే ఆధారపడతాం.

మన సంఖ్య చివర 89, ఈ పరీక్ష దాటింది. 9తో భాగిస్తే శేషం సున్నా, అదీ వర్గానికి అడ్డు కాదు. కానీ బేసి వర్గాన్ని దేన్నైనా 8తో భాగిస్తే శేషం 1 రావాలి, మన పట్టికలో 5 ఉంది. కాబట్టి ఇది వర్గం కాదు. ఒక పరీక్ష దాటగానే సంబరపడకూడదు అనడానికి ఇది మంచి ఉదాహరణ.

నిజానికి ఇది 11111²కి చాలా దగ్గరగా ఉంది. 11111² = 12,34,54,321, తేడా 2468. వర్గమూలం సుమారు 11111.111.

త్రిభుజ సంఖ్య అంటే 1 + 2 + 3 + ... అని కలుపుకుంటూ పోతే వచ్చేది. ఒక సంఖ్యను 8తో గుణించి 1 కలిపితే వర్గం వస్తేనే అది త్రిభుజ సంఖ్య. మనకు 98,76,54,313 వస్తుంది, చివర 3, కాబట్టి కాదు.

4. అసలు పని: విడగొట్టడం

1,37,17,421 మిగిలింది కదా. మామూలు భాగహారంతో పోతే మొదటి కారణాంకం దొరికేలోపు 500కు పైగా ప్రధాన సంఖ్యలు పరీక్షించాలి. దానికి ముందు ఫెర్మా పద్ధతి ఒకసారి వేసి చూడటం నాకు అలవాటు. ఫ్రెంచ్ గణిత శాస్త్రజ్ఞుడు పియర్ ద ఫెర్మా 1643లో రాసిన ఒక ఉత్తరంలో ఈ పద్ధతి వివరించాడు.

ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. ఒక బేసి సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే, ఆ రెండింటి సగటు x అనుకోండి, వాటి తేడాలో సగం y అనుకోండి. అప్పుడు ఒకటి x − y, రెండోది x + y, లబ్ధం x² − y². అంటే మనం చేయాల్సిందల్లా సంఖ్యకు పైన ఒక వర్గం x² వెతకడం, దాన్నుంచి సంఖ్యను తీసేస్తే మిగిలింది కూడా వర్గం అవుతుందేమో చూడటం. x ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? వర్గమూలానికి వెంటనే పైనున్న పూర్ణ సంఖ్య నుంచి.

1,37,17,421 వర్గమూలం సుమారు 3703.7. కాబట్టి 3704 నుంచి మొదలు.

3704² = 1,37,19,616. సంఖ్యను తీసేస్తే 2195. చివర 95 ఉంది, 5తో ముగిసే వర్గానికి 25 ఉండాలి కాబట్టి ఇది వర్గం కాదు, వర్గమూలం లెక్కించాల్సిన పనే లేదు.

తర్వాత 3705. దీని వర్గం మళ్లీ కట్టక్కర్లేదు, పక్కపక్క వర్గాల తేడా 3704 + 3705 = 7409 కాబట్టి పాత తేడాకు అది కలిపితే సరి. 2195 + 7409 = 9604. చివర 04, ఇది కుదురుతుంది. 98 × 98 ఎంతో చూడండి. 9604!

అయిపోయింది. x = 3705, y = 98.

3705 − 98 = 3607
3705 + 98 = 3803

వందల భాగహారాల పని రెండడుగుల్లో తేలిపోయింది. మొదటిసారి ఇది చేసినప్పుడు నమ్మలేక 3607ను 3803తో గుణించి మళ్లీ చూసుకున్నాను.

9ని ముందే తీసేయడం వల్ల కూడా కొంత కలిసొచ్చింది. తీయకుండా 12,34,56,789 మీదే ఈ పద్ధతి వేస్తే 11112 నుంచి మొదలుపెట్టాలి, తేడాలు 19755, 41980, 64207, 86436 అని వస్తాయి. మొదటి మూడూ చివరి అంకెల దగ్గరే ఎగిరిపోతాయి, నాలుగోది 294². అప్పుడు సంఖ్య 11115² − 294² అవుతుంది. జాగ్రత్తగా చూస్తే 11115 అంటే 3 × 3705, 294 అంటే 3 × 98, అంటే అదే జవాబు మూడు రెట్లు పెద్ద బట్టల్లో వచ్చింది.

5. దొరికినవి నిజంగా ప్రధాన సంఖ్యలేనా?

ఈ మెట్టు దాటేసేవాళ్లు ఎక్కువ. ఫెర్మా పద్ధతి రెండు కారణాంకాలిస్తుంది, అవి ప్రధాన సంఖ్యలని హామీ ఇవ్వదు. 61² = 3721, ఇది 3607 కన్నా పెద్దది, కాబట్టి 3607కు 59 వరకు ఉన్న 17 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 3803కు 61 వరకు, 18 ప్రధాన సంఖ్యలు. చేసి చూడండి, దేనితోనూ పోవు. పది నిమిషాల పని.

కాబట్టి 12,34,56,789 = 3² × 3607 × 3803.

ఇప్పుడు పట్టిక తీయండి. 7తో భాగిస్తే 9కి శేషం 2, 3607కు 2, 3803కు కూడా 2. మూడూ గుణిస్తే 8, దాన్ని 7తో భాగిస్తే శేషం 1. పట్టికలో ఉన్నదీ 1. 11తో చూస్తే 9, 10, 8 శేషాలు, లబ్ధం 720, దాన్ని 11తో భాగిస్తే 5, పట్టికలోనూ 5. 13తో 9, 6, 7 శేషాలు, లబ్ధం 378, అక్కడా 1 వస్తుంది. పెద్ద గుణకారం మళ్లీ చేయకుండానే, ఎక్కడైనా ఒక అంకె తారుమారైతే ఈ మూడు చోట్లలో ఏదో ఒకచోట పట్టుబడిపోతుంది.

6. ఇక మిగతావన్నీ ఇందులోంచే వస్తాయి

ప్రధాన కారణాంకాలు చేతికొచ్చాక మిగిలిన ప్రశ్నలకు జవాబులు చకచకా వస్తాయి.

భాజకాలు ఎన్ని? ఘాతాంకాలు 2, 1, 1. ఒక్కోదానికి 1 కలిపి గుణిస్తే 3 × 2 × 2 = 12. జతలుగా రాస్తే ఏదీ మరచిపోరు:

1 × 12,34,56,789
3 × 4,11,52,263
9 × 1,37,17,421
3607 × 34,227
3803 × 32,463
10,821 × 11,409

భాజకాల మొత్తం కావాలంటే పన్నెండూ కూడనక్కర్లేదు. (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803) = 13 × 3608 × 3804 = 17,84,22,816. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 5,49,66,027. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలకు ఈ మొత్తం సంఖ్యకే సమానమవుతుంది. మనదానికి సగానికి కూడా రాలేదు. 3 తప్ప చిన్న కారణాంకాలు లేని సంఖ్యకు ఇది సహజమే.

దీనితో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 1 నుంచి దీని దాకా ఎన్ని? 6 × 3606 × 3802 = 8,22,60,072. 9కి 6 ఎందుకంటే 1 నుంచి 9 దాకా 3తో పోని సంఖ్యలు ఆరే. ప్రధాన సంఖ్యలకైతే ఒకటి తగ్గిస్తే సరిపోతుంది.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. నియమం ఏమిటంటే, 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకాల్లో ప్రతి ఒక్కటీ రెండుసార్లో, నాలుగుసార్లో, అలా సరి సంఖ్యలోనే ఉండాలి. 3 రెండుసార్లు ఉంది, సరే. 3607ను 4తో భాగిస్తే శేషం 3, ఒక్కసారే ఉంది. 3803 కూడా అంతే. కాబట్టి అసాధ్యం. మొత్తం సంఖ్యను మాత్రమే చూస్తే ఇది తెలిసేది కాదు, ఎందుకంటే 12,34,56,789ను 4తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అంటే పైకి ఏ అడ్డంకీ కనిపించదు. 3607, 3803ల శేషాలైన రెండు 3లు ఒకదాన్నొకటి గుణించుకుని 9 అయి, 1 వెనక దాక్కున్నాయి.

రెండు వర్గాల తేడాగా అయితే సరిగ్గా ఆరు విధాలుగా రాయొచ్చు, పై ఆరు జతల్లో ఒక్కో జతకు ఒక్కోటి. అన్నింటికన్నా చిన్న వర్గాలు 11115² − 294², పెద్దవి 6,17,28,395² − 6,17,28,394².

7. పక్కవాళ్లను కూడా పలకరించండి

పట్టికలో 7, 13, 17 మూడింటికీ శేషం 1 ఉంది కదా. అంటే ఒకటి తగ్గిస్తే వచ్చే 12,34,56,788ను ఈ మూడూ భాగిస్తాయి. చివర 88 కాబట్టి 4 కూడా భాగిస్తుంది. 4 × 7 × 13 × 17 = 6188, దానితో భాగిస్తే 19,951 మిగులుతుంది, అది 71 × 281. పక్క సంఖ్య పూర్తిగా విడిపోయింది, మనం పెట్టిన అదనపు శ్రమ దాదాపు ఏమీ లేదు.

తిరగేసిన సంఖ్య 98,76,54,321 సంగతి ఇంకా బాగుంటుంది. మన సంఖ్యను 8తో గుణించి 9 కలపండి, సరిగ్గా అదే వస్తుంది. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, రెండింటి గ.సా.భా. ఒక్క అడుగులో తేలిపోతుంది: పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే శేషం 9, ఆ 9 చిన్నదాన్ని భాగిస్తుంది, కాబట్టి గ.సా.భా. 9. రెండోది, మన సంఖ్యకు 17తో శేషం 1 కాబట్టి 8 × 1 + 9 = 17, అంటే తిరగేసిన సంఖ్యను 17 భాగించి తీరాలి. భాగించి చూస్తే 17 రెండుసార్లు పోతుంది: 98,76,54,321 = 3² × 17² × 3,79,721. ఎప్పుడో మొదట్లో రాసిపెట్టుకున్న శేషం ఇక్కడ మరో సంఖ్య తలుపు తెరిచింది.

9తో గుణించి 10 కలిపితే పది ఒకట్లు వస్తాయి, 1,11,11,11,111. అది మీరు సరిచూసుకోండి.

8. ఈ దారి ఎప్పుడు పనిచేయదు?

ఫెర్మా పద్ధతి ఇక్కడ వేగంగా పనిచేయడానికి కారణం 3607, 3803 దగ్గరదగ్గరగా ఉండటమే, తేడా 196 మాత్రమే. కారణాంకాలు దూరంగా ఉంటే ఈ పద్ధతి మామూలు భాగహారం కన్నా చాలా నెమ్మదిగా సాగుతుంది. ఇంటర్నెట్ భద్రతకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు ప్రధాన సంఖ్యలు మరీ దగ్గరగా ఉండకుండా చూసుకునేది కూడా అందుకే.

ఫెర్మా పేరుతోనే ఉన్న సంఖ్య 2³² + 1, అంటే 4,29,49,67,297 చూడండి. ఇది ప్రధాన సంఖ్య అని ఆయన నమ్మాడు. 1732లో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641 × 67,00,417 అని విడగొట్టాడు. దీని మీద ఫెర్మా పద్ధతి వేస్తే 65,537 నుంచి మొదలై 33,50,529 దాకా వెళ్లాలి, 32,84,993 అడుగులు. ఇలాంటి చోట సంఖ్య ఆకారాన్ని వాడుకోవాలి. 2³² + 1ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. ఆ రకం ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికింది.

నేను పాటించే పద్ధతి ఇది: ముందు అంకెల పరీక్షలు, తర్వాత ఫెర్మా పద్ధతిలో పది పదిహేను అడుగులు, దొరక్కపోతే సంఖ్యకు 2³² + 1 లాంటి ప్రత్యేక ఆకారం ఉందేమో చూడటం, అదీ లేకపోతే అప్పుడు 19, 23, 29 అంటూ ఓపికగా భాగహారం. పన్నెండంకెలు దాటితే కంప్యూటర్‌కు ఇచ్చేయండి.

మీరే ఒకటి చేసి చూడండి. ఫెర్మా ఆ ఉత్తరంలో తీసుకున్న సంఖ్య 2,02,76,51,281. వర్గమూలం 45,029 దాటి కొంచెం ఉంటుంది, కాబట్టి 45,030 నుంచి మొదలుపెట్టండి. మొదటి తేడా 49,619 వస్తుంది, చివర 19, 9 ముందు బేసి అంకె ఉంది కాబట్టి వర్గం కాదు. దానికి 90,061 కలపండి, తర్వాత 90,063, తర్వాత 90,065, ప్రతిసారీ చివరి రెండంకెలు చూసుకుంటూ వెళ్లండి. పన్నెండో అడుగులో 10,40,400 వస్తుంది, అది 1020². అప్పటికి x 45,041 దగ్గర ఉంటుంది, కారణాంకాలు 44,021, 46,061.